సాక్షి దిబ్బ

మొదటి దినమే చెప్పిండు సారు:
చదివేటప్పుడు పెదవి కదిలితే
పరీక్షల పది మార్కులు పోతయని.

పాలమూరు క్లాక్ టవర్ కాడ
కుట్టుమిషన్ల దుకాణం మీద రెండో అంతస్తు.
కింద మిషన్ల టకటక,
పైన అరవైమందిమి పండ్లనడుమ పెన్ను కరుసుకొని
సప్పుడు లేకుంట చదువుడు.
నా పెన్ను మీద గాట్లు ఇంక పోలే.
నిమిషానికి నూటనలభై మాటలు చదివే దాన్ని
నెల తిరిగేసరికి మున్నూటికి వచ్చిన.
వేలు ముందు ఉరుకుతది, కన్ను దానెంట ఉరుకుతది,
అర్థం ఆయాసపడుకుంట ఎనక వస్తది.

పెదవి మాత్రం మొండిది.
మా మన్నెమ్మత్త పెదవి.
తట్ట తట్టకు ఆమెది కదిలేది:
లాభం, రెండు, మూడు...
ఒకటి అనొద్దంట, మొదటిది లాభమే.
కాల్వపనుల లాభం ఎవరికి పోతదో ఆమెకు ఎరుకే.
అయినా రోజూ అట్లనే మొదలువెట్టేది.

యాది పెట్టుకునేటందుకు ఇంకో ఉపాయం:
బాగ తెలిసిన తొవ్వ ఒకటి తీసుకోన్రి,
దానెంట ఒక్కొక్కటి దించుకుంట పోన్రి.
నాకు తెలిసింది కల్వకుర్తి బస్సు తొవ్వ.
పద్నాలుగో అధికరణను, అందరు సమానమన్నదాన్ని,
బస్టాండుల లైన్ల నిలవెట్టిన.
లైను ఏడుంటది,
అందరు కిటికీలకెల్లి తువ్వాల ఏసెటోల్లే.
పదిహేడును మిడ్జిల్ల చాయ హోటల్ బయట
బండమీద కూసోవెట్టిన.
లోపటికి రమ్మంటే ఇంక సోంచాయిస్తనే ఉన్నది.
ఇరవైమూడును, వెట్టి వద్దన్నదాన్ని,
జడ్చర్ల చౌరస్తల దించిన,
గడ్డపారలు, గంజులు మూటగట్టుకొని
మావోళ్లు లారీ ఎక్కిన జాగల.
మర్చిపోదామన్నా పోదు.

లెక్కలకు వేరే సారు.
బక్కగుంటడు, మాట గూడ ఉరుకుతది.
ముప్పై అయిదును ముప్పై అయిదుతోని గుణించాలంటే
మూడు నాలుగుల పన్నెండు,
పక్కన ఇరవై అయిదు,
అయిపాయె.
అందరు సప్పట్లు కొట్టిన్రు.
నాకు కాల్వగట్టు మతికొచ్చింది.

గుంత నడుమ తవ్వకుంట వదిలిన మట్టిదిబ్బ.
నెత్తిమీద పాత గడ్డి అట్లనే.
ఎంత లోతు తవ్వినమో చెప్పే సాక్షి అది.
గుమాస్త టేపు గుంజిండు,
కాలిక్యులేటర్ నొక్కిండు,
రెండు వందలన్నడు.
అత్త కొంగుతోని మొఖం తుడుసుకుంట:
పన్నెండు పన్నెండ్ల నూటనలభై నాలుగు,
ఫీటున్నర లోతుకు దాంట్ల సగం మల్ల కలుపు,
రెండు వందల పదహారు.
ఏడవాయె సారూ ఆ పదహారు?
నీ పెండ్లికి సదివిచ్చినమా?

అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్వి
పదహారు రాసిండు.
తెల్లారి మా జట్టును రాళ్లనేలల ఏసిండు,
అది వేరే ముచ్చట.
పైసలు చేతుల వడేదాక
అత్త ఆ దిబ్బను కూలగొట్టనియ్యలే.
దానిమీదనే కూసొని సద్ది తిన్నది.

పరీక్షల ఒక గుంత లెక్క వచ్చింది.
కొలతలు వేరే, గుంత అదే.
మూడు సెకన్లల జవాబు దొరికింది.
గుండ్రం నింపి ముందుకు పోవాలె,
ఇంక యాభై ప్రశ్నలున్నయి.
పోలే.
పొడుగు, ఎడల్పు, లోతు
మల్లొకసారి తట్ట తట్టగ ఎత్తిపోసిన.
లాభం, రెండు, మూడు...

మేడం దగ్గరికొచ్చింది.
ఎవరితోని మాట్లాడుతున్నవ్?
ఎవరితోని లేదు మేడం.

సారుకు ఈ సంగతి చెప్పలే.
మున్నూరు మాటలు చదివే కన్నును
దాని తొవ్వన దాన్ని ఉరుకనిచ్చి
పెదవిని మాత్రం
తవ్వకుంట వదిలిపెట్టిన.